మన పటానికి తాళం ఎవరి దగ్గర?

పోయినేడాది మా కాలనీ మహిళా సంఘం వాళ్లం ఆరుగురం వీధి వీధీ తిరిగాం. ఎక్కడ వీధిదీపం వెలగడం లేదో, ఎక్కడ కుళాయి లేదో, ట్యూషన్‌ నుంచి వచ్చే ఆడపిల్లలు ఏ సందులో గబగబా నడుస్తారో నోటుబుక్కులో రాసుకున్నాం. తెలిసిన కుర్రాడొకడు తన కంప్యూటర్‌లో అదంతా ముచ్చటగా పటం గీసిచ్చాడు. రంగుల చుక్కలు చూసి మురిసిపోయాం.

తీరా మునిసిపల్‌ ఆఫీసుకు వెళ్లే ముందు రెండు చుక్కలు దిద్దుదామంటే అది తెరుచుకోనే లేదు. నెలరోజుల ఉచిత గడువు అయిపోయిందట! పోనీ మా అమ్మాయి మ్యాక్‌లో చూద్దామంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ విండోస్‌లో తప్ప నడవదంది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది లైనక్స్‌. అక్కడా అంతే. నగలు మనవే, బీరువా తాళం మాత్రం పరాయివాళ్ల దగ్గర!

అప్పుడు వెతికితే దొరికింది క్యూజీఐఎస్‌. 2002లో గ్యారీ షెర్మన్‌ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎన్నో దేశాలవాళ్లు కలిసి పెంచుతున్నారు. విండోస్‌, మ్యాక్‌, లైనక్స్‌ మూడింట్లోనూ పనిచేస్తుంది. గడువూ లేదు, రుసుమూ లేదు.

"ఊరికే ఇచ్చేదాంట్లో పసేముంటుంది?" అన్నారు మావారు. ఇక్కడ ఉచితమంటే డబ్బు కట్టక్కర్లేదని మాత్రమే కాదు. నలుగురికీ పంచుకోవచ్చు, తెలిసినవాళ్లు మార్చుకోనూవచ్చు. ఆ హక్కు లైసెన్సులోనే రాసి ఉంది.

అలాగని చిటికెలో వచ్చే విద్యేం కాదు. మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ఫోన్‌లో చూసి రాసుకున్న అక్షాంశ రేఖాంశాలను పట్టికలా చేసి ఎక్కిస్తే చుక్కలు వాటంతటవే పడతాయి. వెనక వీధుల పటానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ ఉంది. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు. ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన మా కార్యదర్శే ఇప్పుడు చుక్కలు పెడుతోంది.

మేం పడ్డ తిప్పలు మీరు పడకుండా రెండు మాటలు. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పట్టుకెళితే ఇంకో కంప్యూటర్‌లో మన చుక్కలు కనబడవు. అందులో ఉండేది పటం తీరుతెన్నులే, సమాచారం కాదు. సమాచారాన్ని జియోప్యాకేజ్‌ అనే ఒకే ఫైలులో భద్రపరచి, రెండూ కలిపి తీసుకెళ్లాలి. అలాగే విండోస్‌లో దొరికే గౌతమి ఫాంటు లైనక్స్‌లో ఉండదు. ఉచితంగా దొరికే నోటో తెలుగు ఫాంటు అన్నింట్లో వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఇంకో జాగ్రత్త. ఒంటరిగా ఉండే ఆడవాళ్ల ఇళ్లు మాత్రం పటంలో గుర్తించకండి.

ఇదంతా ఆడవాళ్లకెందుకు అంటారా? రోడ్లూ హద్దులూ గీసేవాళ్లకు మన చీకటి సందు కనబడదండీ. దాన్ని దాటేది మనం, మన పిల్లలు. ఆ సందును పటంమీద పెట్టాల్సిందీ మనమే. పెట్టాక, దాన్ని మళ్లీ తెరవడానికి ఒకరి దయ కోసమో, ఫలానా కంప్యూటర్‌ కోసమో ఎదురుచూడకూడదు. డబ్బున్న ఆఫీసులకు ఏ సాఫ్ట్‌వేరైనా సరిపోతుంది. నెలకు తలా ఇరవై రూపాయల చందాతో నడిచే సంఘాలకు ఇలాంటిదే కావాలి.

చివరికి ఆ పటం పట్టుకునే ఆఫీసుకు వెళ్లాం. ఉత్తి అర్జీని పక్కన పెట్టే గుమాస్తాగారు ఈసారి కళ్లజోడు సవరించుకుని చూశారు. పదకొండు దీపాల్లో నాలుగు వెలిగాయి. ఏడు ఇంకా వెలగలేదు. ఫరవాలేదు, వెలిగేదాకా అడుగుతూనే ఉంటాం. ఈసారి తాళం మా కొంగునే ఉంది.

మరి మీ వీధి పటం ఎవరు గీస్తున్నారు?