పుట్టినతేదీ మార్చుకుని కోయిట పోయే పిల్ల

సినిమాల్లో అమెరికా పిన్నమ్మ దగ్గరికి పోయిన పిల్ల నాలుగు ఊర్లు చూసి, తనకేం కావాలో తేల్చుకుని తిరిగొస్తుంది. మా రాజంపేట పిల్లకు పిన్నమ్మ ఉండేది కోయిటలో, అంటే కువైట్‌లో. ఆమెది ఇంటిపని వీసా, ఇరవయ్యో నంబరు. దాని మీద కన్నబిడ్డనే పిలిపించుకోలేదు, ఇక అక్క కూతుర్ని సెలవులకు రమ్మంటుందా? రమ్మన్నా ఏ ఇంటికి? పిన్నమ్మ ఉండేదే సేటు ఇంట్లో.

అయినా పదిహేడేళ్ల పిల్ల పోతుంది. చూడ్డానికి కాదు, పనికి. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషిని గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వం నియమం పెట్టింది. ఏజెంటుకు అదొక లెక్కా? పాస్‌పోర్టులో పిల్లకు రాత్రికి రాత్రే పదమూడేళ్లు పెరుగుతాయి. తనెవరో తెలుసుకోవాల్సిన వయసులో ఆమెతో వల్లె వేయించేది దొంగ పుట్టినతేదీ. సిగ్గుండాలి మనకు!

కోయిటలోనూ చట్టముంది. 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇరవై ఒకటి నిండనివాళ్లను ఇంటిపనికి తెచ్చుకోవద్దంటుంది. రోజుకు పన్నెండు గంటలు మించి పని చేయించొద్దంటుంది, వారానికో సెలవు ఇమ్మంటుంది, పాస్‌పోర్టు లాక్కోవద్దంటుంది. కానీ మన పిల్ల ఏ ముఖం పెట్టుకుని ఫిర్యాదు చేస్తుంది? నీ వయసెంత అన్న తొలి ప్రశ్నకే ఆమె దొంగవుతుంది. రెండు దేశాల చట్టాలూ ఆమెకు అక్కరకు రాకుండా చేసింది ఇంట్లోవాళ్లే, ఏజెంటుకు డబ్బు కట్టి మరీ.

కోయిటను తిట్టడం నా పని కాదు. నందలూరు నుంచి రైల్వే కోడూరు దాకా ఆడవాళ్ల దినార్లతో లేచిన మిద్దెలు కళ్లముందే ఉన్నాయి. (మిద్దె పట్టా ఎవరి పేరున ఉందో మాత్రం అడగొద్దు.) వాళ్లు పెద్దవాళ్లు, మంచీచెడ్డా ఎంచుకుని పోయినవాళ్లు. పదిహేడేళ్ల పిల్లను ఎవరడిగారు? లోకజ్ఞానం వస్తుంది, అరబ్బీ వస్తుంది అంటారు పెద్దమనుషులు. అంత మంచిదైతే మీ మనవరాలిని పంపండి సామీ! వయసు దాచి పంపినోళ్లే, ఆ పిల్ల తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని ఆమె నడత గురించి మాట్లాడతారు.

 ముందు పిల్లను పది పాస్ కానివ్వండి. మీ వీధిలో ఏ పిల్లకైనా కోయిట టికెట్టు వచ్చిందని తెలిస్తే, బడి రికార్డులో ఉన్న పుట్టినతేదీని పాస్‌పోర్టు పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ పిల్లను విమానం ఎక్కనివ్వొద్దు.