తోడున్న మనిషికే సంతకం హక్కు

ముప్పయ్యేళ్లు కలిసి బతికిన మనిషి, ఆసుపత్రి ఫారంలో ‘రోగికి మీరేమవుతారు?’ అన్నచోట ‘స్నేహితుడు’ అని రాయాల్సి వస్తోంది. అది చూడగానే కౌంటర్లో అడిగేది ఒకటే: ‘బంధువులెవరూ లేరా?’ ఏళ్ల తరబడి గడప తొక్కని అన్న కొడుక్కి ఫోన్ వెళ్తుంది. బీపీ మాత్ర ఏ పూట వేయాలో, ఏ మందు పడదో తెలిసిన మనిషి వరండాలో నిలబడతాడు. వయసు మీద పడుతున్న గే పురుషులకు జరుగుతున్న ఈ అన్యాయం ఇక ఆగాలి.

స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ కోరల్ని సుప్రీంకోర్టు పీకేసింది 2018 సెప్టెంబరు 6న. అప్పటికే అరవై దాటినవారి యవ్వనమంతా నేరస్థులన్న ముద్ర కిందే గడిచిపోయింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరట కూడా 2013లో సుప్రీంకోర్టులో చేజారింది. కొందరు ఇంట్లోవాళ్ల పోరు పడలేక పెళ్లి చేసుకున్నారు. ఆ భార్యలు పడిన క్షోభ తక్కువేమీ కాదు. మిగిలినవారు ‘పెళ్లికాని బాబాయి’గా ఉండిపోయి, అన్నదమ్ముల పిల్లల చదువులకు సాయం చేస్తూ, తమ తోడును మాత్రం ‘రూమ్మేట్’ అని పరిచయం చేస్తూ వచ్చారు. రేపు వృద్ధాశ్రమంలో చేరినా ఆ అబద్ధమే మళ్లీ మొదలు.

పెళ్లి హక్కు కోసం హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ సుప్రీంకోర్టుకెళ్తే, 2023 అక్టోబరు 17న చుక్కెదురైంది. ఉమ్మడి బ్యాంకు ఖాతా, నామినీ, రేషన్ కార్డుల విషయంలో అభ్యంతరం లేదని 2024లో కేంద్రం చెప్పింది. భాగస్వామి మృతదేహాన్నీ తీసుకెళ్లవచ్చంది, దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతేనే! అంటే చనిపోయాక కూడా అతనిది రెండో వరుసే. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి ఎంత దూరపు చుట్టానికైనా పోతుంది, చుట్టాలే లేకపోతే ప్రభుత్వానికి పోతుంది. తోడుకు చిల్లిగవ్వ రాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 14వ సెక్షన్ చూడండి. రోగి తన ప్రతినిధిగా మేజరైన ఎవరినైనా రాసిపెట్టుకోవచ్చు, రక్తసంబంధం అక్కర్లేదు. మానసిక వ్యాధికి కుదిరింది గుండెపోటుకు ఎందుకు కుదరదు?

సమాజం ఇంకా సిద్ధంగా లేదనే మాట డెబ్బయ్యో పడిలో ఉన్నవారికి చెప్పదగింది కాదు. వారసత్వం సంగతి పార్లమెంటు తేల్చాలి. ఆసుపత్రులు మాత్రం రాష్ట్రాల చేతిలోని అంశం. రోగి ముందే రాసిచ్చిన మనిషిని రక్తసంబంధీకుల కంటే ముందు ప్రతినిధిగా గుర్తించాలని, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ రెండు తెలుగు ప్రభుత్వాలూ జీవో ఇవ్వాలి. పిల్లల్లేని వితంతువులకు, ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు కూడా ఆ జీవోయే అక్కరకొస్తుంది.