‘డిజిటల్ డివైడ్’ అని రాసి చేతులు దులుపుకోవద్దు

జీఎస్-2లో విద్య మీద ప్రశ్న కనబడగానే మన చెయ్యి తనంతట తానే రాసే వాక్యం ఒకటుంది: ‘ఆన్‌లైన్ విద్యకు డిజిటల్ డివైడ్ ప్రధాన సవాలు.’ దాని కింద మూడు బుల్లెట్లు. ఆ తర్వాత వే ఫార్వర్డ్: భారత్‌నెట్, డిజిటల్ అక్షరాస్యత, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం. టెస్ట్ సిరీస్‌లో నేనూ రెండేళ్లుగా ఇలాగే రాస్తున్నాను. మార్కులూ పడ్డాయి. అయినా ఆ వాక్యం మనల్ని తప్పుదారి పట్టిస్తోందని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకో ఈ వ్యాసంలో చెబుతాను.

డివైడ్ అన్నప్పుడు అదేదో కొండకీ లోయకీ మధ్య ఉండే తేడాలాగా, ఎవరూ చేయకుండానే ఏర్పడినట్టు వినిపిస్తుంది. ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో ఆ మాటలో కనబడదు. బడిలో గది, బల్ల, బోర్డు, ఫ్యాను, మంచినీళ్లు బడే ఇస్తుంది. క్లాసు ఫోన్‌లోకి మారిన రోజు ఫోను, డేటా, కరెంటు, కూర్చునే మూల అన్నీ ఇంటివాళ్లే సమకూర్చుకోవాలి. ప్రభుత్వం మోయాల్సిన బరువు చడీచప్పుడు లేకుండా తల్లిదండ్రుల నెత్తికి మారింది. దీనికి సరైన పేరు అంతరం కాదు, బాకీ.

చట్టం ఏమంటోంది

86వ రాజ్యాంగ సవరణ (2002) తెచ్చిన 21-ఎ అధికరణ మనందరికీ కంఠతా వచ్చు: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2009లో సెక్షన్ 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు కూడా నోట్సులో ఉంటాయి. మనం దాటేసేది సెక్షన్ 3(2)ని. ప్రాథమిక విద్య కొనసాగించడానికి, పూర్తి చేయడానికి అడ్డం వచ్చే ఏ రకమైన ఫీజు గానీ, ఛార్జీలు గానీ, ఖర్చులు గానీ పిల్లల మీద పడకూడదని అది చెబుతోంది. ఫీజుతో ఆగలేదు, ‘ఖర్చులు’ అని కూడా చేర్చింది. క్లాసు వినాలంటే ఫోను తప్పనిసరి అయినప్పుడు ఆ ఫోను ఈ ‘ఖర్చు’ కిందికి రాదా?

ఢిల్లీలో ఈ ప్రశ్న కోర్టుకు చేరింది. ‘జస్టిస్ ఫర్ ఆల్’ అనే సంస్థ వేసిన పిటిషన్‌పై ఢిల్లీ హైకోర్టు 2020 సెప్టెంబరు 18న తీర్పు ఇచ్చింది. 25 శాతం కోటాలో చేరిన పేద పిల్లలకు ఆన్‌లైన్ క్లాసుకు కావలసిన పరికరాన్ని, ఇంటర్నెట్ ప్యాకేజీని బడే ఇవ్వాలి, ఆ ఖర్చును ప్రైవేటు బడులు ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చు అంది. ఒకే క్లాసులో కొందరికి పాఠం అందుతూ, కొందరికి అందకపోవడాన్ని ‘డిజిటల్ వర్ణవివక్ష’ అని కూడా పేర్కొంది.

తర్వాత ఏమైందో చూడండి. ఢిల్లీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో స్టే వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 8న సుప్రీంకోర్టు, ఈ పిల్లలకు చదువు అందేలా ప్రణాళికతో రమ్మని ఢిల్లీ ప్రభుత్వానికి చెప్పింది. హైకోర్టు తీర్పుకు, ఆ మాటకు మధ్య ఏడాది దాటింది. పిల్లవాడికి ఏడాదంటే ఒక తరగతి. మూడో తరగతి పాఠం వినని పిల్లవాడు ఆ లోటుతోనే నాలుగో తరగతిలో కూర్చుంటాడు.

కరోనా పోయింది, అలవాటు మిగిలింది

అదంతా మహమ్మారి నాటి ముచ్చట, ఇప్పుడెందుకు అంటారా? ఢిల్లీలో ఒక్క చలికాలం గడిపితే తెలుస్తుంది. గాలి చెడగానే బడులకు తాళం, క్లాసులు ఆన్‌లైన్. 2024 నవంబరు 18న గ్రాప్ నాలుగో దశ అమల్లోకి వచ్చినప్పుడు జరిగింది ఇదే. వారం తిరక్కుండానే, నవంబరు 25న, సుప్రీంకోర్టు మూడు విషయాలు గుర్తుచేసింది. చాలామంది పిల్లలు మధ్యాహ్న భోజనం కోల్పోతున్నారు. ఎంతోమందికి ఆన్‌లైన్ క్లాసుల సౌకర్యం లేదు. ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ లేని పిల్లలు ఇంట్లో ఉన్నా, బడిలో ఉన్నా పీల్చేది అదే గాలి. ఆ రోజే ఢిల్లీతో పాటు గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, గౌతమబుద్ధ నగర్‌లలో హైబ్రిడ్ పద్ధతికి మార్చారు.

హైబ్రిడ్ అంటే ఇష్టమున్న పద్ధతిలో చదువుకోవడం అని ఉత్తర్వు అర్థం. రెండు గదుల ఫ్లాటు, వైఫై ఉన్న ఇంటికి అది నిజంగానే ఇష్టం. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంటికి అందులో ఎంచుకునేదేమీ లేదు. వాళ్ల పిల్లవాడు పొగలోనే బడికి నడుస్తాడు. గాలిని బాగుచేయలేక తీసుకున్న నిర్ణయానికి ‘డిజిటల్ విద్య’ అని పేరు పెట్టుకున్నాం. బిల్లు మాత్రం ఆ ఇంటికి వెళ్లింది.

మూడు అభ్యంతరాలు

మొదటిది: ‘ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి.’ 2017-18 నాటి ఎన్‌ఎస్‌ఎస్ 75వ రౌండు ప్రకారం కంప్యూటరు ఉన్న ఇళ్లు పల్లెల్లో 4.4 శాతం, పట్నాల్లో 23.4 శాతం. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు బాగా పెరిగాయి, ఒప్పుకుందాం. గ్రామీణ పిల్లల మీద చేసిన అసర్ 2024 సర్వేలో 14-16 ఏళ్లవారిలో 82.2 శాతం స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో సొంత ఫోను ఉన్నవారు అబ్బాయిల్లో 36.2 శాతం, అమ్మాయిల్లో 26.9 శాతం. ఇంట్లో ఫోను ఉండటం వేరు, పదిగంటల క్లాసుకు అది పిల్ల చేతిలో ఉండటం వేరు. నాన్న డెలివరీ పనికి వెళ్తే ఫోను ఆయన జేబులోనే వెళ్తుంది. ఉన్న ఒక్క ఫోను ఎవరికి దక్కుతుందో పై రెండు అంకెల్లోనే ఉంది.

రెండోది: ‘ప్రభుత్వమే పరికరాలు ఇస్తే సరిపోతుంది కదా.’ ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఆ పని మొదలైంది. ఎనిమిదో తరగతి విద్యార్థులకు, టీచర్లకు కలిపి సుమారు 5 లక్షల ట్యాబులు, వాటిలో బైజూస్ పాఠాలు. ఖర్చు ఇంటి మీద వేయకపోవడం మెచ్చుకోదగ్గదే. కానీ పాఠాన్ని ఒక్క కంపెనీ చేతిలో పెట్టారు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యపుస్తకం అచ్చువేసిన ప్రెస్సు మూతపడినా పుస్తకం పిల్లవాడి సంచిలోనే ఉంటుంది. యాప్ సంగతి అలా కాదు. దాన్ని ఎవరో ఒకరు నడుపుతూనే ఉండాలి. అందుకే మన వే ఫార్వర్డ్‌లోని ‘ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం’ అన్న మాటకు పక్కనే ఒక షరతు ఉండాలి: కంపెనీ పోయినా పాఠం మిగలాలి.

ప్రభుత్వానికి ఇది చేతకాని పనేమీ కాదు. 1975-76లో ఇస్రో, ఆకాశవాణి కలిసి నడిపిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందాయి. టీవీ కొనుక్కోండని ఊరివాళ్లకు చెప్పలేదు. ఊరుమ్మడి సెట్టు పెట్టారు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ బడిపిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా నడిచాయి. టీవీకి ప్రశ్న అడిగే వీలు లేదు, నిజమే. కానీ నెల నెలా డేటా కూడా అడగదు.

మూడోది నాకు నేను వేసుకునే ప్రశ్న: ‘నువ్వు చదువుతున్నది ఎక్కడ?’ రాజేంద్రనగర్‌లో ఈ చిన్న గదిలో నా చదువులో సగం యూట్యూబ్ దయే. కాదనను. కానీ నేను పాతికేళ్లవాణ్ని, ఏం వెతకాలో తెలిసినవాణ్ని. పదేళ్ల పిల్లకు ఆ తెలివిడి ఇవ్వడానికే బడి ఉంది. అదీగాక, బీటెక్‌లో ఒక సెమిస్టర్ ల్యాబ్ మొత్తం వీడియోలో చూసి, పంపు వాల్వు ఒక్కసారి కూడా తిప్పకుండా పాసైనవాణ్ని నేను. మార్కుల మెమోలో ఆ లోటు కనబడదు. నా చేతులకు తెలుసు.

పద్నాలుగేళ్లు దాటాక

21-ఎ పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ రక్షణ కూడా లేదు. 2020 ఆగస్టు 10న ఢిల్లీ విశ్వవిద్యాలయం చివరి ఏడాది వాళ్లకు ఓపెన్ బుక్ పరీక్షలు మొదలుపెట్టింది. ప్రశ్నపత్రం డౌన్‌లోడ్ చేసుకుని, చేత్తో రాసి, స్కాన్ చేసి, అప్‌లోడ్ చేయాలి. జవాబు తెలియడంతో పాటు సిగ్నల్ ఉండటం కూడా పరీక్షలో భాగమైపోయింది.

ఆ నవంబరులోనే, ఢిల్లీలో డిగ్రీ చదువుతూ లాక్‌డౌన్‌లో తెలంగాణలోని ఇంటికి చేరిన ఒక తెలుగు విద్యార్థిని ప్రాణాలు తీసుకుంది. ల్యాప్‌టాప్ లేకపోవడం, రావాల్సిన స్కాలర్‌షిప్ రాకపోవడం, ఇంటికి భారమవుతున్నానన్న బాధ గురించి అప్పట్లో పత్రికలు రాశాయి. ఒక మరణాన్ని ఒక్క కారణంతో వివరించలేం, వివరించకూడదు. కానీ చదువుకోవడానికి కావలసిన పనిముట్టు సంస్థ ఇవ్వాల్సిందని ఎవరైనా ముందే గట్టిగా చెప్పి ఉంటే, ఇంటికి భారం అన్న ఆలోచనకు చోటెక్కడిది? బాకీని ‘డివైడ్’ అని పిలిచినప్పుడు, అది తీర్చలేని నేరం పేదింటి పిల్ల తన మీద వేసుకుంటుంది.

మరి ఏం రాయాలి

సాంకేతికత వద్దని కాదు. దీక్షా, స్వయం, పీఎం ఈ-విద్య ఉండాల్సిందే. కానీ ఈసారి జవాబు రాసేటప్పుడు ‘సవాలు’ అన్న చోట ‘బాధ్యత ఎవరిది’ అని రాద్దాం. ఆన్‌లైన్ ఉత్తర్వు ఇచ్చే అధికారి, అదే ఉత్తర్వులో పరికరం, డేటా, మధ్యాహ్న భోజనం ఎలా అందుతాయో చెప్పాలి. చెప్పలేకపోతే బడి మూయకూడదు. పబ్లిక్ డబ్బుతో కొన్న పాఠం పబ్లిక్ ఆస్తిగా ఉండాలి. స్కాలర్‌షిప్ సెమిస్టర్ మొదటి నెలలో రావాలి.

మనలో కొందరైనా రేపు ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. ఈ రోజు జవాబుపత్రంలో ఏ మాట అలవాటైతే, ఆ రోజు ఫైల్లోనూ అదే మాట వస్తుంది. అందుకే ఈ గొడవ.

సాధన ప్రశ్న: ‘ఆన్‌లైన్ బోధన తప్పనిసరి అయినప్పుడు, అందుకు కావలసిన పరికరం విద్యాహక్కులో భాగమే.’ 21-ఎ అధికరణ, విద్యాహక్కు చట్టం సెక్షన్ 3(2) వెలుగులో చర్చించండి. (250 పదాలు)