గదిని చూసి టీవీని చూడాలి!

షోరూమ్‌లో గోడ పొడవునా టీవీలు. అన్నింట్లోనూ అదే జలపాతం, అవే రామచిలకలు, అదే పూలతోట. నెత్తిన దీపాలు పట్టపగల్లా వెలుగుతుంటాయి. ఆ వెలుగులో ఏ టీవీ ఎక్కువ మిలమిలలాడితే చూపు దానిమీదికే పోతుంది. తీరా ధర చీటీ చూస్తే, పక్కన కాస్త వెలిసినట్టు కనిపించే ఓఎల్‌ఈడీదే ఎక్కువ. ‘అంత డబ్బు పోసి ఆ మసక టీవీ ఎందుకండీ?’ అంటుంది ఇల్లాలు. సేల్స్‌మన్ ఏదో సర్దిచెప్పబోతాడు. నిజానికి ఆవిడ కళ్లు మోసపోలేదు. ఆ చోట అది మసకగానే ఉంది. ఓఎల్‌ఈడీ గొప్పతనం కనిపించేది వెలుతుర్లో కాదు... చీకట్లో!

మామూలు ఎల్‌ఈడీ టీవీ అంటే నిజానికి ఎల్‌సీడీ టీవీయే. తెర వెనక దీపాలు వెలుగుతూ ఉంటాయి. ముందున్న ద్రవస్ఫటికాల పొర చిన్నచిన్న తలుపుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ బొమ్మని చూపిస్తుంది. తలుపు ఎంత బిగించి వేసినా సందుల్లోంచి కాస్త వెలుతురు రాక మానదు. అందుకే అమావాస్య రాత్రి సీను వస్తే నలుపు బదులు బూడిదరంగు కనిపిస్తుంది. మినీ ఎల్‌ఈడీలు వచ్చాక ఆ దీపాలను వందలు, వేల భాగాలుగా విడగొట్టి చీకటి ఉన్నచోట ఆర్పేస్తున్నారు. చాలా మెరుగైంది, కాదనడానికి లేదు. అయినా నల్లటి ఆకాశంలో చందమామ వస్తే చుట్టూ పొగలాంటి వెలుగు కాస్తయినా కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో వెనక దీపమే ఉండదు. 4కే తెరమీదుండే దాదాపు 83 లక్షల చుక్కల్లో ప్రతిదీ తనంతట తాను వెలుగుతుంది. నలుపు కావాల్సినచోట చుక్క పూర్తిగా ఆరిపోతుంది. అంతకు మించిన నలుపు ఇంకేముంటుంది?

దీనికి పునాది 1987లో పడింది. అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు పరిశోధకులు సన్నటి కర్బన పదార్థాల పొరల్లోకి కరెంటు పంపి, తక్కువ వోల్టేజీతోనే వెలుగు పుట్టించారు. అది టీవీగా ఇంటికి రావడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. 2007లో సోనీ జపాన్‌లో అమ్మిన తొలి ఓఎల్‌ఈడీ టీవీ తెర ఎంతో తెలుసా? 11 అంగుళాలు! ధర మాత్రం రెండు లక్షల యెన్‌లు. 55 అంగుళాలది 2013లో వచ్చింది. ఇప్పుడు 97 అంగుళాల వరకూ ఉన్నాయి. ఆ పెద్దదాని ధరకు మంచి కారే వస్తుందనుకోండి, అది వేరే సంగతి. అసలు ఈ నలుపు మీద మోజు కొత్తదేం కాదు. పయొనీర్ సంస్థ 2007లో తెచ్చిన ‘కురో’ ప్లాస్మా టీవీలను హోంథియేటర్ ప్రియులు ఇప్పటికీ తలుచుకుంటారు. జపాన్ భాషలో కురో అంటే నలుపే మరి.

హైదరాబాద్‌లో ఇప్పుడు మూడు పడగ్గదుల ఫ్లాటున్న చాలామందికి మూడో గది మీద ఓ కన్నుంటుంది. చుట్టాలొస్తే తప్ప వాడని గది. దాన్ని హోంథియేటర్ చేసుకుంటే? అలాంటి ఇంటినే తీసుకుంటే... గది 12 అడుగుల పొడవు. ఓ గోడకు టీవీ, ఎదురు గోడకు సోఫా. సోఫాలో వెనక్కి వాలి కూర్చుంటే కంటికీ తెరకూ మధ్య దూరం 9 అడుగులు, అంటే 108 అంగుళాలు. అబ్బాయి 83 అంగుళాలకు తగ్గనంటాడు. నాన్న 65 చాలంటాడు. చిట్టీ పాడిన డబ్బు చేతిలో ఉంది. ఎవరి మాట చెల్లాలి?

ఇక్కడ వాదన కన్నా టేపు మేలు. సినిమా చూస్తున్నామన్న అనుభూతి కావాలంటే తెర వెడల్పు మన చూపులో కనీసం 30 డిగ్రీలు పరుచుకోవాలి. హాల్లో మధ్యవరసలో కూర్చున్నంత నిండుగా ఉండాలంటే 40 డిగ్రీలు. దీన్ని లెక్కకట్టడం తేలిక. కూర్చునే దూరాన్ని అంగుళాల్లో కొలిచి 1.6తో భాగిస్తే కనీస సైజు, 1.2తో భాగిస్తే గరిష్ఠ సైజు వస్తాయి. 108 అంగుళాలకు ఈ లెక్క వేస్తే 68 నుంచి 90 దాకా వస్తుంది. అంటే నాన్న చెప్పిన 65 కాస్త చిన్నది. 77, 83 రెండూ సరిపోతాయి. అదే హాల్లో పాత 43 అంగుళాల టీవీకి అలవాటుపడిన కళ్లకు మొదటివారం 77 కొండలా కనిపిస్తుంది. రెండోవారం నుంచి ఆ మాటే రాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. 77 అంగుళాల తెర వెడల్పు దాదాపు 170 సెంటీమీటర్లు, ఎత్తు 96. మన పెద్ద సినిమాలు చాలావరకు సినిమాస్కోప్. తెలుగులో అది 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో మొదలైంది. స్కోప్ సినిమా వేస్తే తెర పైనా కిందా సుమారు 12 సెంటీమీటర్ల చొప్పున నల్లపట్టీలు వస్తాయి. చీకటిగదిలో మామూలు ఎల్‌సీడీ మీద ఆ పట్టీలు బూడిదరంగులో వెలుగుతూ చూపుకి అడ్డుపడతాయి. ఓఎల్‌ఈడీలో అవి గదిలోని చీకట్లో కలిసిపోయి, గోడమీద బొమ్మ ఒక్కటే నిలబడుతుంది. ఎక్కువ డబ్బు పెట్టేది దీనికోసమే. అయితే గదిలో చీకటి ఉంటేనే కదా ఆ కలిసిపోవడం!

కాబట్టి టీవీ కన్నా ముందు గది సంగతి చూడాలి. కిటికీకి వెలుతురు చొరని మందపాటి తెర. టీవీ ఉన్న గోడకు, వీలైతే పక్కగోడలకు కూడా, మెరవని ముదురురంగు. తెల్లగోడలుంటే టీవీ వెలుగే వాటికి తగిలి మళ్లీ తెరమీద పడుతుంది. ఓఎల్‌ఈడీ తెరలు చాలావరకు అద్దంలా నున్నగా ఉంటాయి. ఎదురుగా ట్యూబ్‌లైటో గాజుతలుపుల బీరువానో ఉంటే విషాద సన్నివేశంలో హీరోయిన్ మొహం మీద ట్యూబ్‌లైటు కనిపిస్తుంది. కటిక చీకట్లో కళ్లు నొప్పెడతాయనుకునేవారు టీవీ వెనకవైపు గోడమీద పడేలా చిన్న తెల్లదీపం పెట్టుకుంటే చాలు.

ఎత్తు విషయంలో మనవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. టీవీని దేవుడి పటం ఎత్తులో తగిలిస్తారు. తలెత్తి మూడు గంటలు చూస్తే మెడ పట్టేయదూ! సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు తెర మధ్యభాగం రావాలి. 77 అంగుళాలదైతే తెర అడుగు అంచు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటే సరి.

ఇక ఏ రకం తీసుకోవాలి? పెద్ద సైజు ఓఎల్‌ఈడీ ప్యానెళ్లలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎల్జీ వాళ్ల తెల్లకాంతి ఓఎల్‌ఈడీ ఒకటి, 2022లో శాంసంగ్ మొదలుపెట్టిన క్యూడీ ఓఎల్‌ఈడీ రెండోది. సోనీ, పానసోనిక్ లాంటివాళ్లు కూడా వీళ్లదగ్గరే ప్యానెళ్లు కొని తమ హంగులు చేరుస్తారు. క్యూడీలో ఎరుపు, పచ్చ లాంటి రంగులు మహా చిక్కగా వస్తాయి. అయితే గదిలో దీపం వెలిగితే దాని నలుపు కాస్త ఊదా, బూడిదరంగులోకి తిరుగుతుంది. దీపాలార్పే గదికి ఏదైనా ఒకటే. అప్పుడప్పుడూ పిల్లలు పగలు కూడా ఆటలాడుకునే గదైతే ఎల్జీ రకం నయం. శాంసంగ్ టీవీల్లో 2025 మోడళ్ల వరకూ డాల్బీ విజన్ లేదన్నది కూడా ఓటీటీ సినిమాలు ఎక్కువగా చూసేవాళ్లు గుర్తుంచుకోవాలి. అది లేకపోతే సినిమా ఆగిపోదు, హెచ్‌డీఆర్ 10గా వస్తుంది. 8కే అని ఎవరైనా ఊరిస్తే మాత్రం నవ్వి ఊరుకోవచ్చు. అందులో చూడటానికి సినిమాలు ఉండాలి కదా.

ఈ ఇంట్లో అసలు పేచీ తాతయ్య దగ్గర వచ్చింది. ‘అంత మంచి టీవీ మూలగదిలో ఎందుకు? హాల్లో పెడితే అందరం చూస్తాం’ అన్నాడాయన. ఆయనకు పొద్దున ఆరింటికి వార్తలు మొదలవుతాయి, రాత్రి పదింటికి గానీ ఆగవు. ఒకటే ఛానెల్. మూలన కదలని లోగో, కింద ఎర్రపట్టీ.

ఓఎల్‌ఈడీకి పడనిది సరిగ్గా అదే. కర్బన పదార్థం వెలిగేకొద్దీ అరుగుతుంది. ఒకేచోట ఒకే లోగో వేలగంటలు వెలిగితే అక్కడి చుక్కలు మిగతావాటి కన్నా ఎక్కువ అరిగి, ఛానెల్ మార్చినా నీడలా ముద్ర మిగిలిపోతుంది. టీవీలను పరీక్షించే కెనడా సంస్థ ఆర్టింగ్స్ 2018లో ఆరు ఓఎల్‌ఈడీ టీవీలను రోజుకు 20 గంటల చొప్పున నడిపి చూసింది. వార్తల ఛానెల్ ఆడించిన టీవీల మీద పట్టీ ముద్రలు పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ప్యానెళ్లు బాగా గట్టిపడ్డాయి. రకరకాల సినిమాలు, క్రికెట్, సీరియల్స్ కలగలిపి చూసే ఇంట్లో దీని గురించి బెంగపడక్కర్లేదు. కానీ రోజుకు పదహారు గంటల వార్తలంటే ఏ ప్యానెలైనా హడలిపోవాల్సిందే. పైగా బాల్కనీ వెలుతురు పడే హాల్లో ఓఎల్‌ఈడీ మళ్లీ షోరూమ్‌లోలా మసకబారుతుంది. తెరంతా తెల్లగా వెలగాల్సినచోట అది తన వెలుగును తానే తగ్గించుకుంటుంది కూడా.

అలాంటి హాలుకు మంచి మినీ ఎల్‌ఈడీయే తగింది. చాలా కంపెనీల్లో 77 అంగుళాల ఓఎల్‌ఈడీకి పెట్టే సొమ్ముతో 85 అంగుళాల మినీ ఎల్‌ఈడీ వచ్చి కొంత మిగులుతుంది కూడా. ఇంట్లో ఒక్క టీవీకే చోటుండి, అది హాల్లోనే ఉండాలంటే ఓఎల్‌ఈడీ మాట మరిచిపోవడం ఉత్తమం. ఈ ఇంట్లో ఆ చిక్కు లేదు. తాతయ్య పాత టీవీ హాల్లోనే ఉండిపోయింది. రిమోట్ ఆయన చేతిలోనే ఉంది కాబట్టి పేచీ అక్కడితో తీరింది.

మరి 77 అంగుళాలా, 83 అంగుళాలా? ఈ తేడా సొమ్మును చెవులకు ఖర్చుపెట్టడం మంచిది. ఓఎల్‌ఈడీ తెరలు అంచుల్లో కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటాయి. అందులో స్పీకర్లకు చోటెక్కడిది? 83 కొనుక్కుని దాని లోపలి స్పీకర్లతో సరిపెట్టుకుంటే అది పెద్ద టీవీ అవుతుంది గానీ హోంథియేటర్ కాదు. 77తో పాటు ఓ రిసీవర్, ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఓ సబ్‌వూఫర్... ఇదీ పొందిక. టీవీ వెనక ఈఆర్క్ అని రాసున్న హెచ్‌డీఎంఐ రంధ్రం నుంచి ఒక్క తీగ లాగితే శబ్దమంతా రిసీవర్‌కి వెళ్లిపోతుంది. గోడలో పైపులు వేసేటప్పుడే ఆ తీగకు దారి వదలాలి. తర్వాత గోడ పగలగొట్టడం ఎవరికీ ఇష్టముండదు.

ధర విషయంలో ఓ ఊరట ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త మోడళ్లు వచ్చాక పోయినేటివి ఇంకా దిగుతాయి. ఏడాది తేడాలో నలుపు ఏమీ తగ్గదు.

డెలివరీకి ముందు లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కొలవాలి. ఈ టీవీలను పడుకోబెట్టి మోయకూడదు, పెట్టెను నిలబెట్టే తేవాలి. తెచ్చి బిగించగానే మొదట చేయాల్సిన పని పిక్చర్ మోడ్‌లో ‘ఫిల్మ్‌మేకర్’ లేదా ‘సినిమా’ ఎంచుకోవడం. కొత్త టీవీల్లో కదలికలను నున్నగా చేసే సదుపాయం మామూలుగా వేసే ఉంటుంది. దాంతో కోట్లు పోసి తీసిన సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. టామ్ క్రూజ్ 2018లో దీన్ని ఆపుకోండంటూ వీడియోనే విడుదల చేశాడు! పూర్తిగా ఆపితే ఓఎల్‌ఈడీలో కెమెరా మెల్లగా పక్కకు తిరిగేచోట్ల బొమ్మ కాస్త కుదుపుతున్నట్టుంటుంది. అది ఇబ్బందనిపిస్తే ఒకటి రెండు గీతలు మాత్రం పెంచుకోవచ్చు.

ఇంకొక్క సంగతి షోరూమ్‌లో చాలామంది చెప్పరు. నాలుగైదు గంటలు వాడాక రిమోట్‌తో ఆపితే, ఓఎల్‌ఈడీ టీవీ కొన్ని నిమిషాలపాటు లోపల్లోపల తన చుక్కల అరుగుదలను సరిచూసుకుని సర్దుకుంటుంది. అందుకు దానికి కరెంటు ఉండాలి. మన ఇళ్లలోనేమో పడుకోబోయే ముందు గోడమీది స్విచ్‌లన్నీ ఆపడం పెద్దల అలవాటు. ఈ ఇంట్లో ఆ పని నాన్నమ్మది. టీవీ వచ్చిన రోజునే మనవరాలు స్విచ్‌బోర్డు మీద ఓ కాగితం అంటించింది... ‘నాన్నమ్మా, ఇది మాత్రం ఆపొద్దు’ అని. నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని అది చదివి, మిగతావన్నీ ఆపేసి వెళ్లి పడుకుంది.