మన పిల్లలకి ఇంటరు దాకేనా?

మండల కేంద్రంలో సర్కారు జూనియర్ కాలేజీ ఉంది. గదులున్నాయి, బెంచీలున్నాయి. మాల మాదిగ వాడల పిల్లలు అక్కడిదాకా వస్తున్నారు. అక్కడే ఆగిపోతున్నారు. ఎందుకంటే డిగ్రీ పట్నంలో ఉంది. ఆడపిల్లలకి బస్సు టికెట్టు మాఫీ అయింది: తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి. మంచిదే. కానీ దూరం మాఫీ కాలేదు. చీకటి పడ్డాక రోడ్డు మీద దిగి వాడదాకా ఒంటరిగా నడవాల్సిన నడక మాఫీ కాలేదు.

అందుకే అడుగుతున్నాం. పిల్ల యూనివర్సిటీ దగ్గరికి పోలేకపోతే యూనివర్సిటీయే పిల్ల దగ్గరికి ఎందుకు రాకూడదు? అవే గదుల్లో తన అధ్యాపకులతో, తన పరీక్షతో, తన పట్టాతో బి.ఏ., బి.ఎస్సీ. ఎందుకు నడపకూడదు?

"ప్రమాణాలు పడిపోతాయి" అంటారు పెద్దమనుషులు. మనం గడప దగ్గరికి వచ్చినప్పుడల్లా వినే పాటే ఇది. డబ్బు కట్టి సీటు కొనుక్కున్నవాడి దగ్గర మాత్రం ఈ ప్రమాణాలు నోరెత్తవు!

ఈ పని చేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. ఊరికి దగ్గర, ఫీజు తక్కువ, రెండేళ్ల చదువు. కూలిజనం, నల్లవాళ్లు, వలస వచ్చినవాళ్లు ఎక్కువగా చేరేది వీటిలోనే. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కన మకోంబ్ కమ్యూనిటీ కాలేజీ ఉంది. 1991లో అక్కడ యూనివర్సిటీ సెంటర్ తెరిచారు. బయటి యూనివర్సిటీలే ఆ ఆవరణలోకొచ్చి పూర్తి డిగ్రీ చెప్తున్నాయి. రెండేళ్లు చదివిన పిల్ల ఊరు విడిచిపోకుండా అక్కడే డిగ్రీ తీసుకోవచ్చు.

అయితే అమెరికా పేరు చెప్పగానే చేతులు జోడించక్కర్లేదు. ఈ కాలేజీలు ఎట్లా పుట్టాయో కూడా తెలుసుకోవాలి. మొదటిది 1901లో జోలియట్‌లో, ఒక హైస్కూల్లో, ఆరుగురు పిల్లలతో మొదలైంది. దాని వెనకున్నది షికాగో యూనివర్సిటీ పెద్ద విలియం రెయినీ హార్పర్. మొదటి రెండేళ్ల చదువు బయటెక్కడో జరిగితే యూనివర్సిటీ పైచదువులు చూసుకుంటుందనేది ఆయన ఆలోచన. అంటే గుంపుని బయటి పందిట్లో కూర్చోబెట్టడం! 1960లో కాలిఫోర్నియా ఈ పద్ధతిని ప్రణాళికగానే రాసుకుంది. మార్కుల్లో పై ఎనిమిదో వంతు ఒక యూనివర్సిటీకి, పై మూడో వంతు ఇంకోదానికి, మిగతా జనం కమ్యూనిటీ కాలేజీకి. పుట్టుకని బట్టి కాదులే, మార్కులని బట్టి. మార్కులు ఎవరింటికి నడిచొస్తాయో మనకెవరూ చెప్పక్కర్లేదు.

అక్కడి కమ్యూనిటీ కాలేజీలు మేమే డిగ్రీ ఇస్తామని కొట్లాడితే 2014లో పదిహేను కాలేజీలకి ప్రయోగంగా ఒప్పుకున్నారు. 2021 చట్టంతో అది శాశ్వతమైంది. కానీ షరతు చూడండి: యూనివర్సిటీలో ఉన్న కోర్సు వీళ్లు పెట్టకూడదు. నర్సింగు డిగ్రీకి దారిచ్చే బిల్లుని 2024లో గవర్నరే తిప్పికొట్టాడు. పైమెట్టు వాడి పని కిందిమెట్టు వాడు ముట్టకూడదు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

మన దగ్గరా తలుపులు తెరవకపోలేదు. 1982లో పుట్టి, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టింది. ఇంటరు లేనివాళ్లకీ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. కూలిపని చేసుకుంటూ పట్టా తెచ్చుకున్నవాళ్లు మన వాడల్లో ఉన్నారు. కానీ సెలవురోజు క్లాసు రోజూ చదువు కాదు. సెలవురోజు క్లాసులో ప్రయోగశాల ఎంతసేపు దొరుకుతుంది?

ఇక 2012-13లో యు.జి.సి. కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. దాని గురి 'నైపుణ్యం' మీద. సర్టిఫికెట్టు, డిప్లొమా. చేతిపని చిన్నదని మేమనం, తరతరాలుగా ఈ దేశం చేతిపనంతా చేసింది మనమే. ఆ నైపుణ్యం మనకి ఎవరు నేర్పాలి? వాళ్ల పిల్లలకి ఫిజిక్సు, మన పిల్లలకి రిపేరు పనా? 1950లో బాబాసాహెబ్ అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని ఔరంగాబాదులో పెట్టింది కాలేజీ, వర్క్‌షాపు కాదు.

కాబట్టి మండలానికి డిగ్రీ వస్తుందంటే చప్పట్లు కొట్టేముందు అడగండి. పట్టా మీద 'ఆవరణ బయట' అనే గుర్తు ఉంటుందా? పాఠం చెప్పేది పర్మినెంటు అధ్యాపకుడా, గంటకింత అని తెచ్చిన మనిషా? రోస్టరు పాటిస్తారా? స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు పట్నం పిల్లతో సమానంగా వస్తాయా? రెండేళ్లు నడిపి పిల్లలు చాల్లేదని యూనివర్సిటీ మూటకట్టుకుని పోతే మధ్యలో ఉన్నవాళ్ల గతి ఏంది? ఇవన్నీ ఒప్పంద కాగితం మీదికి రావాలి. నోటిమాటలు చాలా విన్నాం.

ఈ పక్షం కార్యకర్తలు చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ వాడలో గత మూడేళ్లలో ఇంటరు పాసై ఇంటికాడ ఆగిపోయిన పిల్లల లెక్క తియ్యండి. ఎందుకు ఆగారో పక్కనే రాయండి. పెళ్లా, బస్సా, ఫీజా, కూలా? ఆ కాగితాలు తహసీల్దారు బల్ల మీద దుమ్ము పట్టడానికి కాదు. అన్ని ఊళ్లవీ కలిపి యూనివర్సిటీ రిజిస్ట్రారు దగ్గరికే పట్టుకుపోదాం.