నడుమ చొరబడిన బొమ్మలు

అనువాదకులను వేధించే పాత ప్రలోభం ఒకటి ఉన్నది. మూలరచయిత ఒక వాక్యంలో తలుపు తెరిపిస్తాడు. మరుసటి వాక్యంలో మనిషి వీధి చివర నిలబడి ఉంటాడు. నడుమ జరిగిన నడకను పాఠకుని ఊహకు విడిచిపెడతాడు. అనువాదకుని చేయి అక్కడ ఊరుకోదు. ‘అతడు మెట్లు దిగి, గేటు దాటి, మెల్లగా నడిచి వెళ్ళాడు’ అని ఒక వాక్యం కలిపితే చదవడానికి ఎంత సాఫీగా ఉంటుంది! కలిపినది అసంభవమేమీ కాదు. ఆ మనిషి అలాగే వెళ్ళి ఉండవచ్చు. కాని ఆ వాక్యం రచయిత రాసినది కాదు.

ఈ ప్రలోభానికి లొంగకుండా ఉండడానికే అనువాదకుడు సగం శ్రమ వెచ్చిస్తాడు. మన ఇళ్ళలోని కొత్త టెలివిజన్లు మాత్రం ఏ సంకోచమూ లేకుండా ఇదే పనిని సెకండుకు పదుల సార్లు చేస్తున్నాయి. పైగా మనకు చెప్పకుండా చేస్తున్నాయి.

ఈ సంగతి అర్థం కావాలంటే సినిమా కదలిక ఎలా పుడుతుందో ముందు తెలుసుకోవాలి. సినిమాలో నిజానికి ఏదీ కదలదు. సెకండుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి తెర మీద పడతాయి. వాటిని కలిపి కదలికగా గ్రహించేది మన మెదడు. విడివిడి చిత్రాల నుంచి మనసు కదలికను ఎలా నిర్మించుకుంటుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మాక్స్ వెర్ట్‌హైమర్ 1912లోనే పరిశీలించి ప్రకటించాడు. మూడు గంటల చిత్రంలో 2,59,200 బొమ్మలుంటాయి. వాటి నడుమ ఖాళీలు కూడా ఇంచుమించు అన్నే. ఆ ఖాళీలను పూరించే పని ప్రేక్షకునిదే.

ఈ 24 అనే సంఖ్య ఆకాశం నుంచి ఊడిపడలేదు. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. ప్రదర్శించేవాని చేతివాటాన్ని బట్టి వేగం మారుతుండేది. బొమ్మ కొంచెం వేగంగా నడిచినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. కాని 1926-27 ప్రాంతంలో అమెరికాలో శబ్దం వచ్చి చేరింది. వేగం మారితే గొంతు మారుతుంది. కథానాయకుని కంఠం కీచుగా వినిపిస్తే ప్రేక్షకులు నవ్వుతారు. అందువల్ల ఒక స్థిరమైన వేగం అవసరమైంది. ఫిల్ము ఖర్చు మితిమీరకుండా, ధ్వని స్పష్టత చెడకుండా కుదిరిన లెక్క సెకండుకు 24 బొమ్మలు, అంటే అడుగున్నర ఫిల్ము. 1932లో విడుదలైన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ మొదలుకొని నేటి వరకు తెలుగు చిత్రాలు సాధారణంగా ఈ కొలతతోనే తయారవుతున్నాయి.

డబ్బు లెక్కతో పుట్టిన ఈ నియమం కాలక్రమాన ఒక కళాభాషగా మారింది. కెమెరా ప్రతి బొమ్మకూ సాధారణంగా సెకండులో 48వ వంతు సేపు మాత్రమే కన్ను తెరుస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో కదిలిన చేయి, ఎగిరిన పైట, తిరిగిన చక్రం బొమ్మలో కొంచెం అలుక్కుపోయి పడతాయి. ఛాయాగ్రాహకులు ఈ గుణాన్ని ఎరిగే పనిచేస్తారు. కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి సుమారు 7 సెకండ్లు పట్టాలని వారిలో ఒక వాడుక సూత్రమున్నది. అంతకన్న త్వరగా తిప్పితే దృశ్యం తునకలుగా కనిపిస్తుంది. సినిమాకు కలలాంటి స్వభావం, కొద్దిపాటి దూరం ఏర్పడడంలో ఈ 24 బొమ్మల పాలు తక్కువేమీ కాదు.

ఇక టెలివిజన్ సంగతి. రాయ్‌పూర్ పరిసర గ్రామాలకు ఈ విషయంలో ఒక గౌరవప్రదమైన చరిత్ర ఉన్నది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఈ ప్రాంతమూ, మన కర్నూలు, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాలూ కూడా ఉన్నాయి. ప్రయోగం ముగిసిన తరువాత, 1977లో రాయ్‌పూర్‌లోనూ హైదరాబాద్‌లోనూ దూరదర్శన్ కేంద్రాలు వెలిశాయి.

ఆనాటి టెలివిజన్ కూడా సినిమాను ఉన్నదున్నట్టుగా చూపలేదు. మన దేశపు ప్రసారం 50 హెర్ట్జ్ విద్యుత్తుకు అనుగుణంగా, సెకండుకు 25 బొమ్మల లెక్కన నడిచేది. అందువల్ల 24 బొమ్మల సినిమాను కొంచెం వేగం పెంచి 25గా ప్రసారం చేసేవారు. రెండున్నర గంటల చిత్రం 6 నిమిషాల ముందే ముగిసేది. పాటల శ్రుతి వెంట్రుకవాసి పెరిగేది. అయినప్పటికీ తెర మీద పడిన ప్రతి బొమ్మా ఛాయాగ్రాహకుడు తీసినదే. యంత్రం తొందరపడింది గాని కల్పన చేయలేదు. ఇక్కడే నేటి టెలివిజన్‌కూ నాటి దానికీ భేదం.

నేటి టెలివిజన్ కొనేటప్పుడు అంగడిలో ‘రిఫ్రెష్ రేటు’ అనే మాట వినిపిస్తుంది. తెర తన బొమ్మను సెకండుకు ఎన్నిసార్లు కొత్తగా దిద్దుకోగలదో తెలిపే సంఖ్య అది. సాధారణమైన తెర 60 సార్లు, ఖరీదైనది 120 సార్లు దిద్దుకుంటుంది. ఇది తెర గుణమే గాని సినిమా గుణం కాదు. 60ని 24తో భాగిస్తే సరిగా పోదు. అందుచేత ఒక బొమ్మను రెండుసార్లు, మరుసటి దానిని మూడుసార్లు చూపవలసి వస్తుంది. కెమెరా నిదానంగా పక్కకు తిరిగే దృశ్యంలో ఈ తడబాటు కంటికి తగులుతుంది. 120 అయితే ప్రతి బొమ్మనూ సరిగా ఐదేసి సార్లు చూపవచ్చు. కాబట్టి ఎక్కువ రిఫ్రెష్ రేటు వల్ల సినిమాకు మేలే గాని కీడు లేదు. అది చేసేది పునరుక్తి మాత్రమే. ఒకే మాటను ఐదుసార్లు అన్నంత మాత్రాన అర్థం మారదు.

చిక్కంతా ‘మోషన్ స్మూతింగ్’ అనే సదుపాయంతో వస్తుంది. టెలివిజన్‌లోని యంత్రాంగం వరుసగా రెండు బొమ్మలు తీసుకొని, ఒక్కొక్కదానిని చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఏ గడి ఎటు జరిగిందో అంచనా కడుతుంది. ఆ అంచనా ప్రకారం నడుమ ఉండదగిన బొమ్మలను తానే తయారుచేసి చొప్పిస్తుంది. 120 హెర్ట్జ్ తెర మీద ఈ సదుపాయం పూర్తిగా పనిచేస్తే, సెకండులో మనం చూసే 120 బొమ్మలలో 24 మాత్రమే సినిమావి; మిగిలిన 96 యంత్రం కల్పించినవి. అయిదింట నాలుగు వంతులు ప్రక్షిప్తాలు! ఒక కావ్యంలో నాలుగు వంతులు ప్రక్షిప్తాలని తేలితే పండితులు ఊరుకుంటారా?

యంత్రం అంచనా తప్పినప్పుడు పాత్రల అంచుల చుట్టూ మసక వెలుగు కనిపిస్తుంది. పరుగెత్తే కాళ్ళు ఒక్క క్షణం కరిగిపోతాయి. ఈ లోపాలను ఎవరైనా పట్టగలరు. అంచనా సరిగా కుదిరినప్పుడు జరిగే నష్టమే సూక్ష్మమైనది. వీడియో కెమెరాతో స్టూడియోలో తీసిన వార్తలలో, నాటకాలలో, ధారావాహికలలో కదలిక సెకండుకు 50 సార్లు నమోదయ్యేది. దశాబ్దాల అలవాటు వల్ల ఆ నున్నని కదలికను చూడగానే మన మనసు దానిని ‘స్టూడియో’ అని గుర్తుపడుతుంది. సినిమాను అదే రీతిగా నునుపు చేస్తే కోట అట్టకోట అవుతుంది, కిరీటం రేకు అవుతుంది, రాజు వేషగాడవుతాడు. అమెరికాలో దీనిని సబ్బు కంపెనీల ధారావాహికల పేరు పెట్టి ఎగతాళి చేస్తారు.

దీనివల్ల ఎంత హాని జరుగుతుందో నాకు బోధపరచినది సాంకేతిక వ్యాసమేదీ కాదు. 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరం వైపు రైలుమార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్ర నుంచి రాయ్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా వీధిలో అటువంటి ఇంట ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వేలో పనిచేసి ఎప్పుడో విశ్రాంతి తీసుకున్నారు. ‘మాయాబజార్’ విడుదలైన 1957లో ఆయన విజయనగరంలో పిల్లవాడు. కొడుకు పెద్ద టెలివిజన్ కొనితెస్తే ఆయన కోరి పెట్టించుకున్న మొదటి సినిమా అదే. అరగంటకే లేచి బయట అరుగు మీద కూర్చున్నారు. అటుగా వెళుతున్న నన్ను పిలిచి, “ఏటి బాబూ ఇది? సినిమా ఏస్తన్నాడా, నాటకం ఏస్తన్నాడా? చిన్నప్పుడు నాను చూసింది ఇది కాదు. ఇప్పుడు నా కళ్ళు పోయాయో, అప్పుడు బుద్ధి లేక మోసపోయానో తెలీకుండా ఉంది,” అన్నారు.

లోపలికి వెళ్ళి చూశాను. ‘లాహిరి లాహిరి’ పాట నడుస్తున్నది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపులలో సృష్టించిన ఆ వెన్నెల మన చలనచిత్ర చరిత్రలో ప్రసిద్ధమైనది. అది సహజమైన వెన్నెల కాదు, వెన్నెల భ్రమ. ఆ భ్రమ నిలవడానికి కదలికకూ కొంత మరుగు కావాలి. యంత్రం ఆ మరుగును తుడిచివేయగానే నీటి అలలు జిగురులా సాగుతున్నాయి, తెడ్డు అంచు చెదురుతున్నది, వెన్నెల కాస్తా దీపాల వెలుతురుగా తేలిపోయింది. సెట్టింగులలోకి వెళ్ళి ఆ సదుపాయాన్ని ఆపివేయడానికి రెండు నిమిషాలు పట్టింది. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాము. పెద్దాయన ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. ఘటోత్కచుని పెళ్ళిభోజనం దాకా కదలకుండా చూసి, అప్పుడు, “భోంచేసి ఎల్లు బాబూ,” అన్నారు.

తన బాల్యం నాటి ఆనందమే అబద్ధమేమోనని ఒక వృద్ధుడు శంకించవలసి వచ్చింది. రేపు ఒక పిల్లవాడు ఇదే చిత్రాన్ని మొదటిసారి ఇలా చూసి, ‘పాత సినిమాలు ఇంతే’ అని ఛానల్ మార్చవచ్చు. నేరం యంత్రానిది, శిక్ష చిత్రానికి పడుతుంది.

ఈ సదుపాయాన్ని పూర్తిగా దుయ్యబట్టడం న్యాయం కాదు. పాత గాజుగొట్టపు టెలివిజన్‌లో ప్రతి బొమ్మా మెరిసి ఆరిపోయేది. నేటి తెరలో మరుసటి బొమ్మ వచ్చేదాకా నిలిచే ఉంటుంది. కదిలే బంతిని కన్ను వెంబడిస్తున్నప్పుడు, నిలిచి ఉన్న బొమ్మ రెటీనా మీద అలుక్కుపోతుంది. ఆ లోపాన్ని సరిదిద్దడానికే తయారీదారులు ఈ ఉపాయం ఆలోచించారు. క్రికెట్, ఫుట్‌బాల్ వంటి ఆటలకు అది మేలే చేస్తుంది. అంగళ్ళలో టెలివిజన్ల మీద ఆటలూ మెరిసే దృశ్యాలూ చూపడం రివాజు. అక్కడ మెచ్చి ఇంటికి తెచ్చుకున్న గుణమే రాత్రి సినిమాను పాడుచేస్తుంది.

ఎక్కువ బొమ్మలతో సినిమా తీయడమూ నేరం కాదు. పీటర్ జాక్సన్ 2012లో ‘హాబిట్’ చిత్రాన్ని సెకండుకు 48 బొమ్మలతో, ఆంగ్ లీ 2016లో మరొక చిత్రాన్ని 120 బొమ్మలతో తీశారు. చాలామందికి అవి రుచించలేదు. అయినా ఆ నిర్ణయం దర్శకులది. తమ పేరు మీద తీసుకున్నది. మన ‘మాయాబజార్’కు 2010లో రంగులు వేసి విడుదల చేసినప్పుడు కూడా ఆ సంగతి ప్రకటించే చేశారు, ఇష్టమైనవారు చూశారు, కానివారు నలుపు తెలుపు ప్రతినే ఆదరించారు. టెలివిజన్ చేసే మార్పుకు ప్రకటన లేదు, సంతకం లేదు. అనేక టెలివిజన్లలో పెట్టె విప్పేనాటికే ఆ సదుపాయం పనిచేస్తూ ఉంటుంది.

సినీరంగం వారు మౌనంగా లేరు. 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఒక వీడియోలో ఈ సదుపాయాన్ని ఆపి సినిమా చూడవలసిందని ప్రేక్షకులను కోరారు. 2019 ఆగస్టులో తయారీదారుల, చిత్ర సంస్థల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అనే అమరికను ప్రకటించింది. దానిని ఎంచుకుంటే నడుమ బొమ్మల కల్పన ఆగి, చిత్రం తీసినట్టుగా కనిపిస్తుంది.

మీ టెలివిజన్‌లో ఆ పేరు లేకపోతే ‘పిక్చర్’ విభాగంలో ‘సినిమా’ లేక ‘మూవీ’ అనే అమరికను ఎంచుకోండి. కొన్ని టెలివిజన్లలో అది ఎంచుకున్నా కల్పన ఆగదు. అప్పుడు సదుపాయాన్నే వెదకాలి. సోనీ దానిని మోషన్‌ఫ్లో అనీ, ఎల్‌జీ ట్రూమోషన్ అనీ, శామ్‌సంగ్ ఆటో మోషన్ ప్లస్ అనీ వ్యవహరించాయి. పెద్ద తెర మీద 24 బొమ్మల కదలిక మరీ కుదుపుగా తోస్తే, పూర్తిగా ఆపకుండా అతి తక్కువ స్థాయిలో ఉంచుకోవచ్చు. మీ కన్ను మీది, తీర్పూ మీదే. ఒక్క పాటను రెండు విధాలుగానూ చూసి నిర్ణయించుకోండి.

అనువాదం ఎంత చెడ్డదైనా దాని మీద అనువాదకుని పేరుంటుంది. పాఠకుడు అనుమానం కలిగితే మూలం తెరిచి చూడవచ్చు, అనువాదకుని నిలదీయవచ్చు. తన చేతివాటానికి పేరు పెట్టుకోని అనువాదకుడు మన బైఠకఖానాలో కూర్చుని ఉన్నాడు. అతనిని నోరు మూసుకోమనే అధికారం మన చేతిలోని రిమోట్‌లోనే ఉన్నది.