మాస్టారి కబుర్లు: అడుగున ఎవరి పేరుంది?

పిల్లలూ!

ఈ నెల ఒక ప్రశ్నతో కబుర్లు మొదలుపెడతాను. మీ ఇంట్లో ఉన్న కుండనో, పీటనో, బొమ్మనో ఒకదాన్ని చూడండి. దాన్ని ఎక్కడ కొన్నారో అమ్మ చెబుతుంది. ఎంతకు కొన్నారో నాన్న చెబుతారు. మరి దాన్ని చేసినది ఎవరు? ఈ ప్రశ్నకు మీ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోతే చిన్నబుచ్చుకోకండి. బడిలో ఇన్నేళ్ళు పిల్లలను ప్రశ్నలు అడిగిన నేను కూడా చెప్పలేకపోయాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

ఆ మధ్య ఒకనాటి సాయంత్రం మైలవరంలో మా ఇంటికి నలుగురు విద్యార్థులు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. వ్యాపారం ఎలా నడపాలో నేర్పే చదువు చదువుతున్నారు. వాళ్ళలో ఒకడు మా తమ్ముడి మనుమడు.

"తాతయ్యా, వస్తువులు తయారయ్యే చోటు ఒకటి చూసి, అక్కడి లెక్కలన్నీ రాసుకు రమ్మన్నారు. ఒక మ్యూజియం కూడా చూడాలిట. ఎక్కడికి వెళ్ళమంటావు?" అన్నాడు వాడు.

"దూరం దేనికిరా? కొండపల్లి వెళదాం. అక్కడి నుంచి బెజవాడ ఎంతసేపు?" అన్నాను.

మరునాడు పొద్దున్నే బెజవాడ బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో దిగాము. కొండపల్లి ఆ పక్కనే. కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట ఉన్నది. కొండ కింద బొమ్మలు చేసేవారి ఇళ్ళు ఉన్నవి. ఫ్యాక్టరీ అంటే పెద్ద గేటూ, పొగగొట్టమూ ఉంటాయనుకున్న మా విద్యార్థులు ఆ ఇళ్ళు చూసి కాస్త నిరుత్సాహపడ్డారు. ఇంటి వసారాయే అక్కడ ఫ్యాక్టరీ!

ఒక ముసలాయన చాప మీద కూర్చుని ఏనుగు తొండం చెక్కుతున్నాడు. మేము వచ్చిన పని చెప్పగానే పక్కకు జరిగి చోటిచ్చాడు.

కొండపల్లి బొమ్మలకు వాడే కర్రను తెల్లపొణికి అంటారు. ఆ చెట్టు ఈ చుట్టుపట్ల కొండల మీద పెరుగుతుంది. కర్ర చాలా తేలికగా, మెత్తగా ఉంటుంది. అయితే పచ్చికర్రను వెంటనే చెక్కరు. ఎందుకో తెలుసా? పచ్చికర్రలో నీరు ఉంటుంది. నీరు ఆరేకొద్దీ కర్ర కుంచించుకుపోతుంది. పైభాగం ముందు ఆరి, లోపలి భాగం తరువాత ఆరితే కర్ర పగులుతుంది. అందుకని సన్నని సెగ మీద నిదానంగా ఆరబెట్టి, ఆ తరువాతనే ఉలి పెడతారు.

మరొక చిత్రం చూశాము. ఏనుగును ఒకే దుంగలో నుంచి చెక్కరు. ఒళ్ళు వేరుగా, తొండం వేరుగా, కాళ్ళు వేరుగా చెక్కి అంటిస్తారు. అంటించే జిగురు చింతగింజలతో చేసినది. ఆ జిగురులో రంపపు పొట్టు కలిపితే అది మక్కు అవుతుంది. అతుకుల దగ్గర మక్కు పెట్టి, ఆరిన తరువాత నునుపు చేస్తే అతుకు ఎక్కడున్నదో కనబడదు. దాని మీద సున్నం పూత పూసి, అది ఆరాక రంగులు వేస్తారు. ఆ వసారాలోనే ఒక మూల ముసలాయన భార్య సన్నని కుంచెతో ఏనుగు కంటికి నలుపు దిద్దుతున్నది. ఆమె మా వంక చూడనైనా చూడలేదు. కన్ను దిద్దేటప్పుడు చూపు మరలిస్తే గీత వంకరపోతుంది కదా!

మా మనుమడు పుస్తకం తెరిచి లెక్క రాశాడు. కర్ర ఇంత, రంగులు ఇంత, కుంచెలు ఇంత, రోజుల కూలి ఇంత, బస్తీ దుకాణానికి పంపే ఖర్చు ఇంత. అన్నీ కూడి కింద గీత గీసి, "లెక్క సరిపోయింది తాతా" అని ముసలాయనకు చూపించాడు.

ఆయన ఆ కాగితాన్ని శ్రద్ధగా చూసి, "బాగా రాశావు బాబూ. ఈ తొండం ఒంపు నా చేతికి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఎనిమిదేళ్ళు ఏ గడిలో వేశావు?" అని అడిగాడు.

మావాడు తెల్లబోయాడు. ఒక అమ్మాయి అందుకుని, "అది కూలిలోనే కలిసిపోతుంది తాతగారూ" అన్నది.

"కలిసిపోతుందమ్మా. అందుకే ఎవరికీ కనపడదు," అని ఆయన నవ్వాడు. కాసేపు ఆగి, "మా పెద్దవాడికి ఈ పని వచ్చు. చెయ్యి నాకంటే మంచిది. కాని బెజవాడలో ఉద్యోగం చూసుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టను. చెట్లు కూడా మునుపటిలాగా దొరకడం లేదు. మేమూ ఎన్నాళ్ళు చేస్తామో!" అన్నాడు.

మేము అంబారీ ఏనుగును ఒకటి కొనుక్కుని బెజవాడ వెళ్ళాము.

బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియం మీలో కొందరు చూసే ఉంటారు. 1887లో మొదలైన ఆ పాత భవనానికి విక్టోరియా జూబిలీ మ్యూజియం అని పేరుండేది. 2020లో దాన్ని బాగుచేసి బాపు పేరుతో తిరిగి తెరిచారు. అక్కడ అల్లూరు నుంచి తెచ్చిన తెల్లరాతి బుద్ధ విగ్రహం ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఎవరో చెక్కిన ఆ బట్ట మడతలు ఇప్పటికీ రాయి అనిపించవు, బట్టే అనిపిస్తాయి.

చూడటం అయిన తరువాత బయట చెట్టు నీడను కూర్చున్నాము. ఇందాక మాట్లాడిన అమ్మాయి చేతిలోని ఏనుగును తలకిందులు చేసి చూసి, "మాస్టారూ, లోపలి విగ్రహాలకు ఊరి పేరు తెలుసు, ఏ కాలానివో తెలుసు. చేసినవాళ్ళ పేర్లు లేవు. అవి పాతవి కనుక తెలియవు అనుకుందాం. ఈ ఏనుగు పొద్దున్నే కొన్నది కదా! దీని అడుగున కూడా పేరు లేదేం?" అన్నది.

పిల్లలూ, నాకు తల వంచుకోవాలనిపించింది. నేను పనిచేసిన బడిలో వార్షికోత్సవాలకు ఎన్నో ఏళ్ళు కొండపల్లి బొమ్మలనే బహుమతులుగా ఇప్పించాను. ప్రతి బొమ్మ అడుగునా చీటీ అంటించేవాళ్ళము. దాని మీద విద్యార్థి పేరు, తరగతి, సంవత్సరం, కింద నా సంతకం. బొమ్మ చేసినవారి పేరు ఒక్కసారి కూడా రాయలేదు. రాయకూడదని కాదు. ఆ ఆలోచనే రాలేదు!

అప్పుడు వాళ్ళకు ఒక జాడీ కథ చెప్పాను. మీరూ వినండి.

టర్కీ దేశంలో ఇస్తాంబుల్ నగరం ఉన్నది. పూర్వం సుల్తానులు ఉన్న తోప్‌కపి కోటను ఇప్పుడు మ్యూజియం చేశారు. అందులో 54 సెంటీమీటర్ల ఎత్తు గల పింగాణీ జాడీ ఒకటి ఉన్నది. తెల్లని ఒంటి మీద నీలిరంగు పువ్వులు. దాని భుజం మీద చైనా లిపిలో 13 అక్షరాలు రాసి ఉన్నవి. వాటి అర్థం ఏమిటంటే, 'థాయ్ హోవా ఎనిమిదో ఏట, నామ్ సాచ్ సీమకు చెందిన పనివారు బుయ్ థి హి దిద్దినది' అని. ఆ లెక్కన అది 1450వ సంవత్సరం. మన వైపు రెడ్డిరాజుల ఏలుబడి ముగిసిన రోజులన్నమాట. బుయ్ థి హి అనేది ఒక స్త్రీ పేరు అని కొందరు పండితులు అంటారు. బుయ్ ఇంటివారు సరదాగా గీసినది అని అర్థం చెప్పేవారూ ఉన్నారు.

1980లో ఒక జపాను దౌత్య ఉద్యోగి ఆ జాడీని చూసి, ఆ నామ్ సాచ్ ఎక్కడున్నదో కనుక్కోమని వియత్నాం దేశంలోని అధికారులకు ఉత్తరం రాశాడు. వాళ్ళు వెతికారు. 1986లో హనోయి నగరానికి తూర్పున చూ దౌ అనే పల్లెలో తవ్వకాలు మొదలుపెట్టారు. ఆ పల్లెవాళ్ళు అప్పటికి తుంగచాపలు అల్లుకుంటున్నారు. తమ తాతముత్తాతలు పింగాణీ చేసేవారని వాళ్ళకే తెలియదు! నేల తవ్వితే గుట్టలు గుట్టలుగా పెంకులు, ఆవాల ఆనవాళ్ళు బయటపడ్డవి. 15, 16 శతాబ్దాలలో అక్కడి పింగాణీ ఓడలకెక్కి దూరదేశాలకు పోయేది. తరువాత యుద్ధాలు వచ్చాయి. పనివాళ్ళు చెదిరిపోయారు. నేర్పేవాడు లేక, నేర్చేవాడు లేక విద్య అంతరించింది. మూడు వందల ఏళ్ళ పైచిలుకు ఎవరికీ గుర్తు లేదు.

1997 మొదలు కొన్నేళ్ళపాటు వియత్నాం తీరం దగ్గర సుమారు 70 మీటర్ల లోతున మునిగిపోయి ఉన్న ఒక పాత ఓడను వెతికి తీశారు. అందులో రెండు లక్షలకు పైగా పింగాణీ వస్తువులు దొరికినవి! చూ దౌ వంటి ఆవాలలో కాల్చినవే అందులో ఎన్నో. 2001లో చూ దౌలో ఒక కంపెనీ పెట్టి, ఆ పాత నమూనాలు చూసి మళ్ళీ జాడీలు చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడికి వెళితే పని జరిగే చోటూ చూడవచ్చు, పాత సామాను ప్రదర్శనా చూడవచ్చు.

"అన్నేళ్ళు ఆ రాత ఎలా చెరిగిపోకుండా ఉన్నది మాస్టారూ?" అని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఆ రాత జాడీ పైన లేదు, లోపల ఉన్నది! ముందు మట్టి జాడీ మీద కోబాల్టు అనే లోహం కలిసిన రంగుతో రాస్తారు. దాని మీద గాజునిచ్చే పూత పోస్తారు. ఆవంలో సుమారు 1200 డిగ్రీల వేడికి ఆ పూత కరిగి గాజుపొర అవుతుంది. కోబాల్టు నీలంగా మారుతుంది. అక్షరాలు గాజు కింద భద్రంగా ఉంటాయి. నీరు తగలదు, చెయ్యి తగలదు. మన ఇళ్ళలోని నీలిపువ్వుల పింగాణీ పళ్ళేలలో కొన్ని కూడా ఆ విధంగా చేసినవే.

ఆలోచించండి. ఆ ఓడలోని లక్షల వస్తువులన్నీ ఒక ఎత్తు, ఆ జాడీ మీది 13 అక్షరాలు ఒక ఎత్తు. ఒక చేతిరాత వల్ల 530 ఏళ్ళ తరువాత ఒక ఊరి ఆచూకీ తెలిసింది. మన దగ్గర కూడా అలాంటిది ఒకటున్నది. ఓరుగల్లు సీమలో 1213 నాటి రామప్ప గుడికి ఆ పేరు దాన్ని చెక్కిన శిల్పి వల్ల వచ్చిందని చెబుతారు. కట్టించిన దొర పేరు కంటే శిల్పి పేరే జనం నోట నిలిచింది.

"అయితే కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది కదా తాతయ్యా?" అన్నాడు మా మనుమడు. ఉన్నది. 1999లో చేసిన చట్టం ప్రకారం ఇచ్చే గుర్తింపు అది. వేరే చోట చేసిన బొమ్మను కొండపల్లి బొమ్మ అని అమ్మడానికి వీల్లేదు. చాలా మంచి ఏర్పాటు. కాని అది ఊరి పేరుకు కాపలా. మనిషి పేరును ఎవరు కాపాడతారు?

నలుగురూ మాట్లాడుకున్నారు. తిరుగుబస్సులో మళ్ళీ ఇబ్రహీంపట్నంలో దిగుదామన్నారు. మేము వెళ్ళేసరికి వసారాలో దీపం వేశారు. మావాడు ఏనుగునూ, కలాన్నీ ముసలాయన ముందు పెట్టి, "తాతగారూ, దీని అడుగున మీ పేరు రాయండి" అన్నాడు.

ఆయన ఏనుగును అటూ ఇటూ తిప్పి, "నా ఒక్కడి పేరు ఎట్లా రాస్తాను బాబూ? చెక్కింది నేను. మక్కు పెట్టి నున్న చేసింది మా కోడలు. రంగులు వేసి కన్ను దిద్దింది మా ఇంటావిడ. కర్ర మోసుకొచ్చింది మా చిన్నవాడు. రాస్తే నలుగురి పేర్లూ రాయాలి," అన్నాడు.

"రాయండి, చోటు చాలినంత!" అన్నది ఆ అమ్మాయి.

ఇంట్లోనుంచి ముసలమ్మ సన్నకుంచె తెచ్చింది. కలం కంటే కుంచె మేలన్నది. ఏనుగు కడుపు కింద, తెల్లని సున్నపు పూత మీద, నలుగురి పేర్లూ చిన్న అక్షరాలతో ఆమే రాసింది. ఆఖరున తన పేరు రాసుకుంటూ మాత్రం కొంచెం సిగ్గుపడింది.

ఆ పేర్లు ఇక్కడ అచ్చు వేయమంటారా అని అడిగితే, "వద్దు మాస్టారూ, బొమ్మ మీద ఉన్నవిగా, చాలు," అన్నారు. అందుకని వేయలేదు. ఆ ఏనుగు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. మా ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని మెచ్చుకుంటే తలకిందులు చేసి చూపిస్తున్నాను.

మా విద్యార్థులు తమ నివేదికలో లెక్కల పట్టికకు ఇంకొక గడి చేర్చారు. దానికి 'చేసినవారు, నేర్చుకున్న ఏళ్ళు' అని పేరు పెట్టారు. బొమ్మతోబాటు చేసినవారి పేరు కూడా అమ్మితే కొన్నవాడు మళ్ళీ వాళ్ళనే వెతుక్కుంటూ వస్తాడనీ, అది వ్యాపారానికి కూడా లాభమేననీ రాశారు. వాళ్ళ మాస్టారు ఎన్ని మార్కులు వేశారో ఇంకా తెలియదు. నేనైతే ఆ గడి ఒక్కదానికే సగం మార్కులు వేస్తాను.

ఇక మీ వంతు. ఈ నెల మీకొక చిన్న పని. మీ ఊళ్ళో కుండ చేసేవారినో, బుట్ట అల్లేవారినో, మంచం నేసేవారినో, బట్ట కుట్టేవారినో ఒకరిని కలవండి. పనికి అడ్డం రాకుండా కాసేపు కూర్చుని చూడండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎన్నేళ్ళు పట్టిందో అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళు చేసి మీరు కొన్న వస్తువు అడుగున వాళ్ళ పేరు రాసి పెట్టండి. బట్టకైతే చిన్న చీటీ చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. వచ్చే సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు కొత్త బొమ్మ కొంటే, ధర అడిగాక ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి. దుకాణదారుకు జవాబు తెలియకపోవచ్చు. నలుగురూ అడుగుతూ ఉంటే మరుసటి ఏటికి తెలుసుకుని ఉంచుతాడు.

ఉంటాను. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మాస్టారు